పట్టుకున్న చెయ్యి

మొన్న వేసవి సెలవుల్లో హనుమకొండలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు అన్నయ్య మూడు పెట్టెలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. మూడింట్లోనూ స్పిట్‌ఫైరే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ఆ యుద్ధవిమానానికి 1:48 కొలతలో ప్లాస్టిక్ మోడల్ కిట్లు. "పీహెచ్‌డీ అంతా పాఠాంతరాలు చూస్తూనే గడిపావుగా, వీటిలో ఏది మంచి ప్రతో చెప్పు" అన్నాడు నవ్వుతూ.

అలవాటు పోదు కదా, నిజంగానే కూర్చుని చూశాను. అసలు విమానం రెక్క చివరి నుంచి రెక్క చివరికి 11 మీటర్ల పైచిలుకు. ఇక్కడ జానెడు. ఒకటి, 1953లోనే మొదటి స్పిట్‌ఫైర్ కిట్ తెచ్చిన ఎయిర్‌ఫిక్స్ వాళ్ళది. ముక్కలు సరళంగా ఉన్నాయి, ధర కూడా తక్కువ. రెండోది జపాన్ కంపెనీ టమియా 2018లో తెచ్చింది. ముక్కకు ముక్క అతుకు కనపడకుండా కూర్చుంటుంది. మూడోది చెక్ దేశపు ఎడువార్డ్, 2020 నాటిది. రెక్కల మీద వరసలు వరసలుగా రివెట్లు. ఇంత చిన్న కొలతలో రివెట్లు అసలు కంటికి ఆనకూడదని కొందరు, ఉంటేనే నిండుతనమని కొందరు వాదించుకుంటారట. అన్నయ్య అరగంట సేపు ఆ వాదన నాకు వినిపించాడు.

ఆ రివెట్ల మీద వేలు పెట్టి తడుముతుంటే నాకు వేరే ప్రశ్న వచ్చింది. వీటిని ఎవరు కొట్టారు?

ఆ విమానాలు 20 వేలకు పైగా తయారయ్యాయి. 1940 సెప్టెంబరులో సౌతాంప్టన్‌లోని ఫ్యాక్టరీ మీద జర్మన్ బాంబులు పడ్డాక ఆ పనిని చుట్టుపక్కల ఊళ్ళలోని గ్యారేజీలకు, లాండ్రీలకు, బస్ డిపోలకు పంచేశారు. అక్కడ పనిచేసిన వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. రివెట్ కొట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు ఇవతల నుంచి కొడుతుంటే, ఇంకొకరు అవతల ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. దెబ్బ కొట్టేవాళ్ళకి ఎంతో, పట్టుకున్న చేతికీ అంతే.

పట్టుకోవడం అంటే నాకు తెలుసు. 1996లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, లండన్ నుంచి వచ్చిన బాబాయి అన్నయ్యకి ఇంతకంటే చిన్న స్పిట్‌ఫైర్ కిట్ తెచ్చాడు. నాకు రిబ్బన్లు. జిగురు అన్నయ్య పూసేవాడు. ఆరేదాకా రెక్క రెండు పొరలూ కదలకుండా వేళ్ళతో నొక్కి పట్టుకోవడం నా పని. అంచులు ఎమరీ పేపర్‌తో రుద్దడం కూడా నాదే. విమానం షోకేసులోకి ఎక్కింది. వచ్చినవాళ్ళందరికీ నాన్న "మావాడు చేశాడు" అని చూపించేవాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉండేదాన్ని. అన్నయ్య చెడ్డవాడేం కాదు. వాడికి తట్టలేదు, అంతే. మన ఇళ్ళల్లో అన్యాయం చాలావరకు ఇలా తట్టకపోవడంతోనే నడిచిపోతుంది.

ఆ విమానం ఇంజన్లోనూ ఓ ఆడమనిషి పనితనం ఉంది. స్పిట్‌ఫైర్ ముక్కు వంచి ఒక్కసారిగా కిందికి దూకితే ఇంజన్‌కి ఇంధనం సరిగా అందక ఆగిపోయేది. శత్రు విమానాలకి ఆ ఇబ్బంది లేదు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు ఇంధన ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న బిళ్ళతో దానికి ఉపాయం చూపింది. మగవాళ్ళు ఆ బిళ్ళకి ఆమె పేరు కలిపి ఒక వెకిలి పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ బిళ్ళ ఇంజన్ లోపల ఉంటుంది కాబట్టి ఏ కిట్‌లోనూ కనపడదు.

విమానాల్ని ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకి నడిపిన దళంలో 160 మందికి పైగా మహిళా పైలట్లున్నారు. 1940 జనవరిలో పాలిన్ గోవర్ నాయకత్వాన ఎనిమిది మందితో మొదలైంది. రేడియో లేకుండా, తూటాలు లేకుండా నడిపేవాళ్ళు. మొదట జీతం మగవాళ్ళకన్నా తక్కువ, 1943లో సమానమైంది. 1945 నవంబరులో దళాన్నే ఎత్తేశారు. యుద్ధం అయిపోయింది, ఇక ఇంటికెళ్ళండి. ఈ మాట 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకి కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నీ మోసిన ఆడవాళ్ళు పోరాటం ఆగాక విన్నదీ ఇదే.

కానీ ఇక్కడ ఆగిపోతే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు. ఈ రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్‌లు ఉంటాయి. ఇది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువు. రివెట్లు మావే అంటే, దాని వల్ల పోయిన ప్రాణాల లెక్కలో కూడా మా వంతు ఒప్పుకోవాలి. పేరు అడిగినవాళ్ళం బాధ్యత వద్దనలేం. ఇంకో లెక్క మన ఇంటిదే. 1940లో డోర్సెట్ తీరాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్'. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. నిజాం ఖజానా ఎవరి చెమటతో నిండిందో మన జిల్లాల వాళ్ళకి చెప్పాలా? నాట్లేసిన ఆ చేతులు కూడా తెలియకుండానే ఈ రెక్క పట్టుకున్నాయి.

ఇదంతా ఆలోచిస్తూ తలెత్తితే, బల్లకి అవతల అన్నయ్య కొడుకు జిగురు పూస్తున్నాడు. వాడికన్నా మూడేళ్ళు పెద్దదైన మేనకోడలు రెక్క నొక్కి పట్టుకుని కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. దానంతట అదే పట్టుకుంది.

లేచి షోకేసులోంచి పాత విమానం తీసుకొచ్చాను. ఎడమ రెక్క కింద, గట్టిపడ్డ జిగురులో ఒక చిన్న వేలిముద్ర ఉంది. మోడల్ చేసేవాళ్ళ లెక్కలో అది తప్పు. రుద్దేయాలి. చేసిన చెయ్యి ఎక్కడా కనపడకూడదు. కనపడకపోతేనే మంచి పని.

"అది నీదా?" అన్నాడు అన్నయ్య. "నేను రుద్దడం మర్చిపోయాననుకున్నా ఇన్నాళ్ళూ." చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు.

ఏది మంచి ప్రతో నేను తేల్చలేదు. ఎడువార్డ్ పెట్టె మాత్రం మేనకోడలికి ఇప్పించాను. మర్నాడు అది జిగురు పూసి, తమ్ముణ్ణి రెక్క పట్టుకోమంది. వాడు పట్టుకున్నాడు. రెండు నిమిషాలయ్యాక "అత్తా, చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు.

"అవున్రా, నొప్పెడుతుంది" అన్నాను. "ఇంకాసేపు పట్టుకో."