బంతిపూల రంగు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్

ఫొటోల సరదా పట్టుకున్నవాళ్లని మొదట్లో లెన్సులు నిద్రపోనివ్వవు, ఆ తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఏది మంచిదని ఎవరినడిగినా ముందు స్లైడర్ల సంగతి చెబుతారు. ఒక్క క్లిక్కుతో మబ్బు పట్టిన ఆకాశం నీలంగా ఎలా మారిపోతుందో చూపిస్తారు. నాకు ఆకాశం మార్చే పని లేదు. తీసిన ఫొటో పదేళ్ల తర్వాత వెతికితే దొరకాలి, దొరికినది తెరుచుకోవాలి, అందులోని మనిషి ఆ మనిషిలాగే ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి ఇవే.

బతుకమ్మ పండుగ ఫొటోలు తీసినవాళ్లందరికీ ఒక బాధ తెలుసు. తంగేడు, గునుగు వరసల మధ్య పేర్చిన బంతిపువ్వు సాయంత్రపు ఎండలో రేకురేకుగా కనిపిస్తుంది. కెమెరా ఇచ్చిన జేపెగ్‌లో చూస్తే అదే పువ్వు నారింజరంగు ముద్ద. రేకుల అంచులుండవు, వాటి మధ్య నీడలుండవు. జేపెగ్‌లో ఒక్కో రంగు చానల్‌కి 256 మెట్లే. ఎరుపు పై మెట్టుకి చేరాక అక్కడున్న పిక్సెళ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి, ఒక రేకుని పక్క రేకు నుంచి విడదీసేదేమీ మిగలదు. అదే కెమెరా, సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో చానల్‌కి 16,384 మెట్లు రాస్తుంది. పైగా వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపుని హెచ్చించే లెక్క ఇంకా జరిగి ఉండదు కాబట్టి, జేపెగ్‌లో పోయిన రేకులు చాలాసార్లు రా ఫైల్లో భద్రంగానే ఉంటాయి. ఫొటోని నూరు శాతం సైజులో తెరిచి, హిస్టోగ్రాంలో కుడి అంచుకి తగిలిన ఎర్ర గీతని చూస్తూ ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి. నారింజరంగు గాఢత ఇంకొంచెం దించండి. ముద్దలోంచి రేకులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. ఈ పని ఏ సాఫ్ట్‌వేర్ ఎంత నేర్పుగా చేస్తుందో ఒక్క బంతిపువ్వు చాలు, తేలిపోతుంది. కొన్నింటిలో నారింజ కాస్తా పసుపులోకి జారిపోతుంది.

పువ్వు తర్వాత ముఖం. ఫిల్ము రోజుల్లో మన ఊళ్ల స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో టచప్ చేసే పనివాళ్లుండేవారు. మచ్చలు దిద్దడంలో వాళ్లది గొప్ప చెయ్యి. ఇప్పుడు ఆ చెయ్యి అక్కర్లేకుండా ఆటో బటన్ వచ్చింది. చాలా ఫోన్ యాప్‌లలో అది చామనఛాయని తెల్లబరుస్తుంది, అమ్మమ్మ నుదుటి ముడతలు చెరిపేస్తుంది. ఇది నాకు సుతరామూ నచ్చదు. ఆ ముడతల కోసమే కదా ఆమెని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి ఫొటో తీసుకున్నాం! మచ్చ తియ్యాలో వద్దో మనల్ని అడగాలి. ఏ మార్పు ఎంత చేసిందో చూపించి, వద్దంటే వెనక్కి తీసుకోవాలి. అసలు ఫైలుని ముట్టుకోకూడదు.

ఇక తెరుచుకోవడం సంగతి. ఆపిల్ కంపెనీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అపెర్చర్ 2005లో వచ్చింది. ఫొటోలు తియ్యడమే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా నమ్ముకున్నారు. 2014లో ఇక ముందుకు తీసుకెళ్లబోమని కంపెనీ ప్రకటించింది. గూగుల్ పికాసా 2016లో ఆగిపోయింది. ఎన్నో ఇళ్లల్లో పెళ్లిళ్ల, పేరంటాల ఫొటోలకి ముఖాల పేర్లు పెట్టుకున్నది అందులోనే. పెద్ద కంపెనీ కదా, ఎక్కడికి పోతుందిలే అనుకోవడానికి వీల్లేదు.

2007లో వచ్చిన లైట్‌రూమ్ మంచి సాఫ్ట్‌వేర్. ఏరడం, దిద్దడం, వెతకడం అన్నీ ఒకేచోట జరిగిపోతాయి, నేర్పేవాళ్లు వీధికొకరున్నారు. ఒకసారి కొనుక్కుని ఉంచుకునే పద్ధతి 2015 నాటి ఆరో వెర్షన్‌తో ముగిసింది, ఇప్పుడు చందాయే. చందా ఆపేస్తే లైట్‌రూమ్ క్లాసిక్‌లో పాత ఫొటోలు చూసుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు. దిద్దే డెవలప్ విభాగం మాత్రం మూతపడుతుంది. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లకి చందా వ్యాపార ఖర్చు కిందికి వస్తుంది, వాళ్లు కట్టుకోవడమే మేలు. పండక్కో తీర్థానికో కెమెరా బయటికి తీసేవాళ్లు ఏళ్ల తరబడి ఎందుకు కట్టాలి?

అలాంటివాళ్లకి నేను చెప్పేది డార్క్‌టేబుల్. 2009 నుంచి ఉంది. ఉచితం, దాని కోడ్ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. మనం చేసిన ప్రతి మార్పునీ, నచ్చినవాటికి పెట్టిన ప్రతి నక్షత్రాన్నీ అసలు ఫొటో పక్కనే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసిపెడుతుంది. ఫోల్డర్ వేరే డిస్కులోకి మార్చితే అదీ వెంట వస్తుంది. నేర్చుకోవడం తేలిక కాదని ముందే చెబుతున్నాను. మాడ్యూళ్లు డజన్లకొద్దీ కనిపించి కళ్లు తిరుగుతాయి. అన్నీ తెరవొద్దు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, వెలుగునీడలు సరిపెట్టే సిగ్మాయిడ్, క్రాప్, నాయిస్ తగ్గించేది... మొదటి ఏడాదికి ఇవి చాలు. ఫొటోలో అడ్డొచ్చిన కరెంటు తీగ తియ్యాలంటే, ముక్క అతికించాలంటే గింప్ ఉంది, 1996 నుంచీ.

ఒక సాఫ్ట్‌వేర్‌లో దిద్దిన దిద్దుబాటు ఇంకోదానిలోకి సరిగ్గా వెళ్లదు. దీనికి మందు లేదు. నక్షత్రాలు, పేర్లు సాధారణంగా వెళ్తాయి. అందుకే బాగా కుదిరిన ఫొటోని అక్కడితో వదిలెయ్యకుండా పూర్తి సైజులో జేపెగ్‌గానో టిఫ్‌గానో తీసి దాచుకోవాలి.

నిజానికి మన సమయం ఎక్కువ పోయేది దిద్దడంలో కాదు, ఏరడంలో. కళ్లు మూసుకున్నవీ కదిలిపోయినవీ తీసెయ్యడం, ఒకేలా ఉన్న పదింట్లో ఒకటి పట్టుకోవడం. ఈ పనికి డిజీకామ్ బాగుంటుంది, అదీ ఉచితమే. ట్యాగులు తెలుగులోనే రాసుకోవచ్చు. ‘చిన్నత్త’, ‘బతుకమ్మ’, ‘ఊరి చెరువు’ అని ఇప్పుడు రాసిపెడితే, రేపు పిల్లలు వెతికినప్పుడు ఆ పేర్లతోనే దొరుకుతాయి.

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అసలు నెగెటివ్ మిగిలింది కాబట్టే వాటి నుంచి ఇవాళ కూడా ప్రింటు వేసుకోగలం. మన రా ఫైళ్లకీ అంత ఆయుష్షు ఉండాలని నా కోరిక.

కాబట్టి చందా కట్టే ముందు ఒక బంతిపువ్వు ఫొటో, ఇంట్లో పెద్దావిడ ముఖం, రాత్రి దీపాల ఫొటో ఒకటి పెట్టుకుని రెండు మూడు సాఫ్ట్‌వేర్లలో దిద్ది చూడండి. నచ్చినదాన్ని ఊళ్లోని ల్యాబ్‌లో 12×18 అంగుళాల ప్రింటు వేయించండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో అంత సైజుకి హాయిగా సరిపోతుంది. ఆ ప్రింటుని ఆ పెద్దావిడ చేతికిచ్చి, ఎలా ఉందో అడగండి.