రేవు మునిగేలోగా

పాపికొండల దారిలో కుంచెలు పట్టి కూర్చున్న ఈ బృందం గీస్తున్నది నది అందాన్నా, లేక చెరిగిపోతున్న ఊళ్ల చిరునామానా?

ఉదయం ఏడు దాటినా గోదావరి మీద మంచు వీడలేదు. గండి పోచమ్మ రేవులో బోటు ఎక్కినవాళ్లలో తొమ్మిది మందికి సెల్ఫీల మీద ధ్యాస లేదు. చంకల్లో చెక్క బోర్డులు, భుజాలకు మడత స్టూళ్లు, ప్లాస్టిక్ డబ్బాల్లో రంగుల బిళ్లలు. ఒకాయన చేతిలో ఖాళీ పచ్చడి సీసా ఉంది. బ్రష్‌లు కడుక్కోవడానికట. లైఫ్ జాకెట్ వేసుకుంటే చెయ్యి ఆడదని ఓ కుర్రాడు గొణిగితే సరంగు ఊరుకోలేదు. "కచ్చులూరు గుర్తుందా బాబూ?" అన్నాడు. 2019 సెప్టెంబరు 15న ఈ దారిలోనే పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. కుర్రాడు మారు మాట్లాడకుండా బెల్టు బిగించుకున్నాడు.

ఈ తొమ్మిది మందీ ఏ సంఘంలోనూ సభ్యులు కారు. ఒకరు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి. ఇద్దరు హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోల్లో పనిచేస్తారు. మిగతావాళ్లలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులే ఎక్కువ. శీతాకాలంలో వీలైనప్పుడల్లా ఎక్కడో ఒకచోట కలుస్తారు. అరకు లోయ, కోనసీమ కాల్వ గట్లు, భీమిలి బీచ్ చూసేశారు. ఈసారి ఓటు పాపికొండలకు పడింది. కారణం అడిగితే మాస్టారు సూటిగానే చెప్పారు. "అరకు కొండ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. ఇక్కడి ఊళ్లు ఉండవు."

పోలవరం ప్రాజెక్టు పూర్తయి 45.72 మీటర్ల పూర్తి స్థాయికి నీళ్లు నిలిపితే మునిగే ఆవాసాలు 370కి పైమాటే. కదలాల్సిన కుటుంబాలు సుమారు లక్ష. వాటిలో చాలా వరకు కొండరెడ్లు, కోయలవి. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే వైపు మళ్లించాక, వరద వచ్చినప్పుడల్లా ఎగువ ఊళ్లలోకి నీళ్లు ముందుకంటే త్వరగా చేరుతున్నాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దేవీపట్నం వైపు చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాటిలో కొన్నింటికి జనం మళ్లీ కాపురానికి రాలేదు.

గట్టున మొదలైన బడి

బయటకు వెళ్లి నదిని గీయడం రాజమండ్రికి కొత్త కాదు. 1909 నుంచి 1919 వరకు ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే కవిత్వం రాసేవాడు, నీటి రంగుల్లో బొమ్మలు వేసేవాడు. శిష్యులను తరగతి గది దాటించి బయటి ప్రపంచం చూపించిన దొర ఆయన. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతిలో పడ్డవాళ్లే. కూల్డ్రే ప్రోద్బలంతోనే దామెర్ల బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. వరదా వెంకటరత్నం లాంటి మిత్రులు తోడయ్యారు. తూర్పు కనుమల మధ్య నుంచి వచ్చే గోదావరిని దామెర్ల గీశాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి చనిపోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆయన పేరిట రాజమండ్రిలో వెలసిన ఆర్ట్ గ్యాలరీలో ఆ చిత్రాలను ఇప్పటికీ చూడొచ్చు. మన బృందం కూడా బోటు ఎక్కడానికి ముందురోజు సాయంత్రం అక్కడికి వెళ్లి వచ్చింది.

ఆనాటి చిత్రకారులు రాజమండ్రి గట్టు మీద నిలబడి చూసిన నిండు గోదావరి కూడా పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. దిగువన ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన ఆనకట్ట నీటిని నిలబెట్టడం వల్లే ఊరి ముందు ఎండాకాలంలోనూ అంత వెడల్పున నీళ్లు కనిపిస్తాయి. మూడు తరాలు గడిచేసరికి ఆ నిలవ నీరే గోదావరి సహజ రూపమైపోయింది. హేవలాక్ వంతెన కూడా అంతే. 1900లో కట్టినప్పుడు అది నది మీదికి వచ్చి పడ్డ ఇనుము. 1997లో రైళ్లు ఆగిపోయాక, తీసేస్తారేమోనని జనం బెంగపడేంతగా దృశ్యంలో కలిసిపోయింది. రేపు పోలవరం జలాశయం కూడా చిత్రకారులకు అందమైన దృశ్యమే అవుతుంది. అప్పుడు దాన్ని గీసేవాళ్లకు అడుగున ఏముందో తెలియాలంటే ఇప్పుడు ఎవరో ఒకరు గీసి ఉండాలి.

మూడు గంటల కాపురం

దేవీపట్నం దాటాక కుడివైపు ఒక రేవులో బోటు ఆగింది. ఊరి పేరు రాసిన బోర్డు లేదు. మెట్లు సగం ఒండ్రులో కూరుకుపోయాయి. పైన కప్పుల్లేని గోడలు ఉన్నాయి. వెళ్లిపోయేటప్పుడు వాసాలు, తలుపులు, కిటికీలు ఊడదీసుకుపోయారు. ఇటుక మాత్రం మిగిలింది. దాని వెనక తాడిచెట్లు, వాటి వెనక మంచులో తేలుతున్నట్టున్న కొండలు.

స్థలం ఎంచుకోవడానికే అరగంట పట్టింది. కొందరు రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి అటూ ఇటూ చూశారు. తర్వాత పని మొదలైంది. ముందు పెన్సిల్‌తో నాలుగు గీతలు, కొండ అంచు, నీటి గట్టు. ఆ వెంటనే నీడలు ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోవాలి. ఆరుబయట చిత్రకారుడికి పెద్ద శత్రువు ఎండ కాదు, ఎండ కదలడం. రెండు గంటలు గడిస్తే గోడకు ఇటున్న నీడ అటు పడుతుంది. కదిలిన నీడను వెంటాడితే బొమ్మలో రెండు సూర్యుళ్లు తేలతారు.

నీటి రంగులతో ఇంకో తంటా ఉంది. మంచు వేళ కాగితం ఎంతకీ ఆరదు. ఆకాశానికి వేసిన తడి ఆరకముందే కొండ రంగు తగిలిస్తే రెండూ కలిసిపోతాయి. మంచు కావాలంటే అదే మంచిది. తాడిచెట్టు కావాలంటే మాత్రం ఆగాలి. పది దాటాక కథ తిరగబడుతుంది. కుంచె ఎత్తేలోపే రంగు ఆరిపోయి అంచు కడుతుంది. ఈ నది రంగు నీలమే అనుకుని మొదలుపెట్టిన యానిమేషన్ కుర్రాడు రెండు కాగితాలు పాడు చేశాక మాస్టారి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆయన పళ్లెంలో అల్ట్రామెరైన్ నీలానికి కాస్త బర్న్‌ట్ సియెన్నా గోధుమ రంగు కలిపి బూడిద రంగు తీశారు. దాన్నే పల్చగా దూరపు కొండకు, చిక్కగా దగ్గరి కొండకు, ఇంకా పల్చన చేసి నీటికి వాడారు. ఏమీ చెప్పలేదు. కుర్రాడు వెళ్లి మూడో కాగితం తీశాడు.

కలిసి గీయడంలో ఉన్న లాభం ఇదే. బోటు అద్దె పంచుకోవడం ఎటూ ఉంది. అంతకన్నా పక్కవాడి పళ్లెంలోకి తొంగి చూడటంలో దొరికేది ఎక్కువ. యూరప్‌లో ఈ అలవాటు ఊపందుకోవడానికి 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ రాండ్ కనిపెట్టిన తగరపు రంగుల ట్యూబు కారణమంటారు. తైలవర్ణాలు అప్పటినుంచే సంచిలో పెట్టుకుని తిరగడానికి సులువయ్యాయి. మన దగ్గర శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ విద్యార్థులను పొలాల్లోకి, సంతాల్ పల్లెల్లోకి స్కెచ్ పుస్తకాలతో నడిపించాడు. ఎక్కడైనా పద్ధతి ఒకటే. గురువు పక్కన కూర్చుంటాడు, శిష్యుడు చూస్తాడు.

ఉన్నది గీయాలా, లేనిది గీయాలా

పదకొండు గంటలకు సరంగు టీ ఫ్లాస్కు పట్టుకుని పైకి వచ్చాడు. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చూస్తూ ఫైన్ ఆర్ట్స్ చదివే అమ్మాయి వెనక నిలబడ్డాడు. ఆమె గోడలను వదిలేసి తాడిచెట్లు, గట్టు, నది మాత్రం తీసుకుంది. బొమ్మ బాగా కుదిరింది.

"చెట్లు బాగున్నాయి అమ్మాయిగారూ. ఆ పక్కనే మా పెద్దమ్మగారి ఇల్లండి" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. అక్కడ ఇల్లు లేదు, గడ్డి ఉంది. మట్టి గోడలు కావడంతో వరదకు కరిగిపోయాయని ఆయన చెప్పాడు. పెద్దమ్మ ఇప్పుడు గోకవరం వైపు కాలనీలో ఉంటోంది. శ్లాబు ఇల్లు ఇచ్చారు. గోదావరి మాత్రం కనపడదు. "చేపల వాసన లేకపోతే ముద్ద దిగడంలేదంటదండి" అని నవ్వాడు.

టీ తాగుతూ ఉండగా చర్చ మొదలైంది. ఆ ఇంటిని బొమ్మలో పెట్టాలా? బ్యాంకు ఉద్యోగి పెట్టమన్నారు. ఇల్లు ఎలా ఉండేదో సరంగు చెబితే గీయొచ్చు కదా అని ఆయన వాదన. మాస్టారు ఒప్పుకోలేదు. "చూడమ్మా, ఆరుబయట కూర్చున్నాక కనపడిందే వెయ్యాలి. ఊహించి వేసేదైతే ఇంటి దగ్గరే వేసుకోవచ్చు." మరి కనపడుతున్న మొండిగోడలను ఎందుకు వదిలేసిందని యానిమేషన్ కుర్రాడు అడిగాడు. ఎవరూ వెంటనే జవాబివ్వలేదు. కాసేపాగి ఆ అమ్మాయే నిజం చెప్పింది. గోడలు ఉన్న బొమ్మను కొనేవాళ్లు ఉండరు. పడవ, సూర్యాస్తమయం, తాడిచెట్టు ఉంటే డ్రాయింగు రూములకు వెళ్తుంది.

ల్యాండ్‌స్కేప్ చిత్రకళకు ఈ జబ్బు పాతది. కంటికి అడ్డొచ్చినదాన్ని తీసేసే స్వేచ్ఛ కుంచెకు ఉంది. కెమెరాకు లేని సుఖం అది. 1960లో ఎం.ఎఫ్.హుసేన్, రామ్‌కుమార్ కలిసి బెనారస్ వెళ్లి ఘాట్ల వెంట తిరుగుతూ గీశారు. అంతకుముందు నగర జీవుల దిగులు ముఖాలు గీసిన రామ్‌కుమార్ చిత్రాల్లోంచి ఆ తర్వాత మనుషులు మాయమయ్యారు. ఒకదాని మీద ఒకటి ఒరిగిన ఇళ్లు, మెట్లు, నీరు మిగిలాయి. అయినా ఆ చిత్రాల్లో మనుషుల దుఃఖమే ఉందని చూసినవాళ్లకు తెలుస్తుంది. మనుషులను తీసేసినవాడు ముందు వాళ్లను చూశాడు కాబట్టి ఆ ఖాళీకి బరువు వచ్చింది. చూడకుండానే వదిలేస్తే అది క్యాలెండర్ బొమ్మ. పాపికొండల దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. ఇక్కడ దృశ్యంలోంచి మనుషులను తీసేసే పని చిత్రకారుడికన్నా ముందే జరిగిపోతోంది.

ఇందులో ప్రాజెక్టు కావాలా వద్దా అన్న తగువు లేదు. బోటులో దానిమీద రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. డెల్టా నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి తాతగారి పొలం కాటన్ కాలువ కింద పండిందే. అన్నం పెట్టే నీళ్ల విలువ ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. తేలనిది ఇంకొకటి. కొన్ని ఊళ్లు మునిగితే కొన్ని ఊళ్లు పండుతాయని ఒప్పుకున్నా, మునిగినవి ఎక్కడ ఉండేవో పండినవాళ్లకు తెలియాలా వద్దా?

ఇసుక మీద ప్రదర్శన

మధ్యాహ్నం బోటు ఇంకా పైకి సాగింది. రాజమండ్రి దగ్గర మూడు కిలోమీటర్ల వంతెన అవసరమైన నది ఇక్కడ రెండు కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ఒదిగిపోతుంది. రెండువైపులా 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన వెయ్యి చదరపు కిలోమీటర్ల అడవి. ఇక్కడ ఎవరూ స్టూలు వేసుకోలేదు. కదిలే బోటులోంచి చిన్న పుస్తకాల్లో పెన్సిల్ గీతలు మాత్రం లాగారు. ప్రతి మలుపులోనూ కొండ మారిపోతుంటే రంగు తీసే వ్యవధి లేదు.

సాయంత్రం తిరుగు దారిలో ఇసుక మేట మీద దిగి తొమ్మిది మందీ ఉదయం వేసిన బొమ్మలను వరసగా పరిచారు, గాలికి లేవకుండా గులకరాళ్లు బరువు పెట్టి. ఒకటే రేవు, తొమ్మిది రకాలు. ఒకరి దాంట్లో కొండే ప్రధానం. ఒకరికి మెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. యానిమేషన్ కుర్రాడు మొండిగోడలను దగ్గరగా వేశాడు. రంగు కాస్త బురదయింది గానీ కిటికీ ఊడదీసిన చోటు గోడకు కన్నులా ఉంది. మాస్టారి బొమ్మలో గోడలు చాలా చిన్నవి, అయినా అన్నీ ఉన్నాయి. లెక్కపెడితే ఏడు. ఏ ఒక్క బొమ్మా ఆ ఊరిని పూర్తిగా చెప్పలేదు. తొమ్మిదీ పక్కపక్కన ఉన్నప్పుడు మాత్రం సరంగు వాటి మధ్య అటూ ఇటూ నడిచి, గుడి ఇక్కడ, బడి ఇక్కడ, సంత ఇక్కడ అని చూపించగలిగాడు.

అమ్మాయి తన బొమ్మలో ఇల్లు గీయలేదు. గోడలూ చేర్చలేదు, ఆరిన రంగును కెలికితే చెడుతుంది. కానీ కాగితం తిప్పి వెనకవైపు పెన్సిల్‌తో రాసింది. ఊరి పేరు, తేదీ, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా, ఏ దిక్కుకు కూర్చున్నదీ. చిత్రకారులు మామూలుగా రాసుకునే వివరాలే ఇవి. వాటి కింద ఇంకో వాక్యం చేర్చింది, ఎడమ నుంచి రెండో తాడిచెట్టు పక్కన సరంగుగారి పెద్దమ్మగారి ఇల్లు ఉండేదని. రాసింది పైకి చదివి వినిపించింది.

ఆయన బొమ్మను తిప్పి మళ్లీ చూశాడు. వేలితో చెట్లు లెక్కపెట్టాడు.

"రెండోది కాదండి, మూడోది" అన్నాడు.

ఆమె రబ్బరు తీసి చెరిపి, మూడో తాడిచెట్టు అని దిద్దింది.