సడ్‌బరీ నుంచి గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీ మిత్రులకు

సడ్‌బరీ, జనవరి 2026



ఫోన్ చేసిన ప్రతిసారీ "టొరంటో ఎట్లుంది?" అని అడుగుతున్నారు. టొరంటో సంగతి యూట్యూబ్ పుణ్యమా అని నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడి నుంచి ఉత్తరానికి 400 కిలోమీటర్లు వస్తే తగిలే సడ్‌బరీ సంగతి వేరు. మనది బొగ్గు, వీళ్ళది నికెల్. బాయి, షిఫ్టు, యూనియన్, సమ్మె మాత్రం అవే. 2009లో ఇక్కడ మొదలైన సమ్మె దాదాపు ఏడాది సాగిందట. రిటైరైన ఒక కార్మికుడికి మన సకల జనుల సమ్మె ముచ్చట చెప్తే కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ విన్నాడు.

ఊళ్ళోకి రాగానే 9 మీటర్ల ఎత్తున ఐదు సెంట్ల నాణెం నిలబెట్టి ఉంటుంది. 1964లో పెట్టారు. పక్కనే లిఫ్టులో భూమి లోపలికి దించి పాత గని పద్ధతులు చూపిస్తారు. అంత లోపల ఎర్రటి పోస్టు డబ్బా! ఈ ఉత్తరం అందులోనే వేద్దామనుకున్నాను గానీ, వాట్సాప్‌లో చదివే మీకు స్టాంపు ఖర్చెందుకని మానుకున్నాను.

అసలు వింత క్రెయిటన్ గని. 1901 నుంచి నడుస్తోంది. మన అడ్రియాల లాంగ్‌వాల్ గనే చాలా లోతు అనుకుంటాం. ఇక్కడ రెండు కిలోమీటర్ల కింద స్నోలాబ్ అని భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉంది. న్యూట్రినోల మీద అక్కడ చేసిన పరిశోధనకే ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌కు 2015లో నోబెల్ వచ్చింది. పైన మైనస్ 20 చలి, కింద రాయి వేడి 42 డిగ్రీలు. మనం బాయి నుంచి పైకొచ్చి స్నానం చేస్తాం. ఇక్కడి శాస్త్రవేత్తలు కేజ్‌లో దిగి, కిలోమీటరున్నర సొరంగంలో నడిచి, అక్కడ స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుంటే గానీ లోపలికి పోలేరు. దుమ్ము రేణువు కూడా పనికిరాదట. గనిలో దుమ్ము లేకుండా ఉండటం! మా నాన్న బతికుంటే నమ్మేవాడు కాదు.

ఒకప్పుడు ఇక్కడి గంధకపు పొగకు చెట్లన్నీ చచ్చి, బండలు నల్లబడ్డాయి. 1978 నుంచి కోటికి పైగా మొక్కలు నాటారు. వాటిలో కొన్నిటిని క్రెయిటన్ గనిలోనే, లైట్ల వెలుగులో పెంచి పైకి తెచ్చారు. 381 మీటర్ల పొగగొట్టం 2020లో పొగ వదలడం మానేసింది. మన ఓపెన్ కాస్టుల మట్టి గుట్టలు కళ్ళముందు మెదిలాయి. ఆ మాట ఇంకోసారి.

ఇక మీరు అడిగే అసలు సంగతి: పిల్లలను పంపొచ్చా?

మన ఖని పిల్లవాడే ఒకడు కలిశాడు. తండ్రి కోల్ కట్టర్. తను ఐటీఐ చేసి ఓపెన్ కాస్టులో కాంట్రాక్టరు కింద డంపర్లు బాగుచేశాడు. ఇప్పుడు ఇక్కడి వర్క్‌షాపులో గని యంత్రాలు విప్పి బిగిస్తున్నాడు. చేతికి అదే గ్రీజు. ఇంటికి పిలిచి పప్పుచారు పోశాడు, గుమ్మం దగ్గరే బూట్లు విప్పమన్నాడు. "ఇక్కడోళ్ళు కూడా ఇంట్లోకి చెప్పులతో రారు అంకుల్" అన్నాడు. నాకు ఊరు సగం నచ్చింది అక్కడే.

అతను చెప్పినదాన్ని కెనడా ప్రభుత్వ ప్రకటనలతో సరిచూసి రాస్తున్నాను. 2025లో 5 లక్షల మందికి శాశ్వత నివాసం ఇవ్వాలనుకున్నవాళ్ళు ఆ లెక్కను 3,95,000కు తగ్గించారు. 2026కు 3,80,000. పని తెలిసినవాళ్ళను ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి 2015 నుంచీ మార్కుల పందెమే. వయసు 45 నిండితే ఆ ఖాతాలో సున్నా. 2023 నుంచి మాత్రం అందరినీ ఒకే గాటన కట్టకుండా వైద్యం, వృత్తి పనులు, ఫ్రెంచి అని విడివిడిగా పిలుస్తున్నారు. వెల్డర్, ఎలక్ట్రీషియన్, భారీ యంత్రాల మెకానిక్ వృత్తి పనుల జాబితాలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకే విమానం అనుకునే మన కాలనీకి ఇది కొత్త కబురు. అయితే 2025 సెప్టెంబరులో వృత్తి పనులవాళ్ళను పిలిచినప్పుడు 505 మార్కులు కావాల్సి వచ్చింది. అదే ఏడాది మార్చిలో ఫ్రెంచి వచ్చినవాళ్ళకు 379 సరిపోయాయి. పెద్దపల్లి జిల్లాలో ఫ్రెంచి ట్యూషన్ పెట్టేవాడుంటే వాడి పంట పండినట్టే!

ఇంకో దారి నాకు మరీ నచ్చింది. 2025 జనవరిలో సడ్‌బరీతో కలిపి 14 చిన్న ఊళ్ళను ఎంచి, ఎవరు కావాలో మీరే సిఫారసు చేయండి అన్నారు. ఊరు గుర్తించిన యజమాని ఉద్యోగమివ్వాలి, ఆ పనిలో ఏడాది అనుభవం ఉండాలి. ఇక్కడ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మార్కులతో పని లేదు. ఎవరిని రానివ్వాలో దేశ రాజధానితో పాటు గని ఊరూ ఒక మాట చెప్పడం నాకు న్యాయంగా తోచింది. సీట్లు మాత్రం తక్కువ, పోటీ ఎక్కువ.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఉద్యోగ లేఖ ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పనిని బట్టి 50 గానీ 200 గానీ అదనపు మార్కులు వచ్చేవి. ఆ లేఖలను లక్షలకు అమ్ముకునే దందా పెరగడంతో 2025 మార్చి 25 నుంచి ఆ మార్కులే ఎత్తేశారు. ఇంకా "లేఖ ఇప్పిస్తాం, మార్కులు కలుస్తాయి" అనేవాడు మీ ఇంటికొస్తే చాయ్ తాగించి పంపండి. కంపెనీ ఇచ్చిన లాభాల వాటా, పీఎఫ్ డబ్బులు మాత్రం వాడి చేతిలో పెట్టకండి. పిల్లవాడి పని అనుభవం కాగితాలు, ఇంగ్లిషు పరీక్ష ముందు చూసుకోండి. అవి లేకుండా ఏజెంటు ఎంత పెద్దవాడైనా చేయగలిగింది ఏమీ లేదు.