పెద్దబస్సు – చిన్నబస్సు

ఒక వివాహమునకై మేము సికింద్రాబాదునకు పోయితిమి. మరునాడు సాలారుజంగు వస్తుప్రదర్శనశాలను చూడగోరి, ప్రొద్దుట తొమ్మిదిగంటలకు బస్సుకొరకు నిలిచితిమి. మా ప్రక్కనే కూరలగంపతో నొక ముదుసలి నిలిచియుండెను. వచ్చిన రెండు బస్సులును జనముతో క్రిక్కిరిసియుండెను. తెలంగాణములో 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు మొదలగు బస్సులలో ప్రయాణ ముచితమైనది. మిగుల మేలే. కాని చోటు దొరకనిచో ఉచితమువలన ఫలమేమి? మూడవ బస్సులో నెట్లో యెక్కితిమి.

తిరిగివచ్చునప్పటికి మధ్యాహ్నము రెండుగంటలు. అంతటి బస్సులోనే పదిమందిమి మాత్రముంటిమి. మావారు, “ఇందరికి ఇంత బండి యేల? చిన్నది చాలదా?” అనిరి. మాకును మొదట నట్లే తోచెను.

సోదరీమణులారా! మన వంటయింటిని తలచుకొనిన సంగతి తేటపడును. నలుగురికి వండినను ఇరువదిమందికి వండినను వంటమనిషి యొక్కతెయే. గిన్నె చిన్నదైన కొన్ని కట్టెలు మిగులును, జీతము మిగులదు. బస్సు చిన్నదైనను డ్రైవరు కావలసినదే. మిగులునది కొంత చమురే. ప్రొద్దుటి జనమునకు పెద్దబస్సు ఎట్లును ఉండవలెను. దానిని మధ్యాహ్నము నీడను నిలిపి, వేరొక చిన్నబస్సును కొనినచో రెండు బండ్ల వ్యయము.

మరి యింకను పెద్దది యుండిన? ఈ నగరమున పూర్వము రెండంతస్తుల బస్సులు నడచి, 2003 ప్రాంతమున నిలిచిపోయెను. 2023లో విద్యుత్తుతో నడచునవి మరల వచ్చెను. అట్టివానిలో పెక్కుమంది పట్టుదురు. కాని మెట్లెక్కి దిగుటకు ప్రొద్దు పట్టును. రెండు బస్సులకు బదులొక పెద్దబస్సును నడిపినచో, పదినిమిషములకు వచ్చునది ఇరువదినిమిషములకు గాని రాదు. ఇరుకుసందులకును, జనము పలుచగానుండు పేటలకును చిన్నబండియే తగును. అచట చిన్నవి తరచుగా నడచుట మేలు.

ఆ మధ్యాహ్నపు బస్సులో ఖాళీగంపలతో నిద్దరు స్త్రీలుండిరి. కూరలమ్ముకొని యిండ్లకు పోవుచుండిరి. జనము లేదని యా బస్సును మానిపించిన, వారు సాయంకాలమువరకు ఎండలో నిలువవలసినదే. ఖాళీ ఆసనములను లెక్కించుట సులభము. దారిప్రక్కన నిలిచినవారి గడియలను గూడ లెక్కించినగాని బండి కొలత తెలియదని మాకు తోచినది.