అమ్మ మాటలో ఇంగ్లీషు గ్రామరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పంపారు. ఏం రాయాలో మాకు వెంటనే తోచలేదు. కవితలు రాయడం మాకు చేతకాదు. చివరకు ఆరో తరగతి నుంచి మమ్మల్ని భయపెట్టిన దాని గురించే రాద్దామనుకున్నాం. అదే ఇంగ్లీషు. అందులోనూ, జరిగిపోయిన రెండు మూడు సంగతులను ఒకే వాక్యంలో కలిపి చెప్పడం.

మేము అంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి ట్రంకు పెట్టెలతో ఈ హాస్టలుకు వచ్చిన నలుగురం. మా ఇళ్లల్లో డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. ఇరవై మూడేళ్ల వయసులో ఇప్పుడు కడపలో, యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాం.

పోయిన ఏడాది మాలో ఒకడు ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లాడు. సర్టిఫికెట్లు చూసిన పెద్దమనిషి, పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య ఒక ఏడాది ఎందుకు ఖాళీగా ఉందని ఇంగ్లీషులో అడిగాడు. మావాడు ధైర్యంగానే చెప్పాడు: "మై ఫాదర్ గో టు గుంటూర్ అండ్ ఐ గో అండ్ స్టడీ స్టాప్డ్ అండ్ అగైన్ కమ్." ఆయన నవ్వి, "అంటే మీ నాన్నతో ఊళ్లు తిరగడానికి చదువు మానేశావా?" అన్నాడు. మావాడికి నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

వాడు చెప్పాలనుకున్నది వేరు. ఆ ఏడు వానల్లేక పంట పోయింది. మా పక్క పల్లెల నుంచి ఏటా ఎందరో పోయినట్టే, వాళ్ల అమ్మానాన్నలు కూడా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయారు. అప్పు తీర్చడానికి రెండు జతల చేతులు చాలక వాణ్ణి కూడా వెంట తీసుకుపోయారు. అయినా వాడు తిరిగొచ్చి కాలేజీలో చేరాడు. ఇంత కథలో ఒక కారణం ఉంది, ఒక కష్టం ఉంది, ఒక పట్టుదల ఉంది. "అండ్" అనే ఒక్క మాటలో ఈ మూడూ మాయమైపోయాయి.

ఆ రాత్రి నలుగురం కూర్చొని తర్జనభర్జన పడ్డాం. వాడికి మాటలు రాక కాదు, అతుకు రాలేదని తేలింది. మరి తెలుగులో మనం ఎలా అతుకుతామో చూద్దామని అమ్మ మాటే తీసుకున్నాం. చిన్నప్పుడు రోజూ విన్నదే: "పొద్దున్నే లేసి, మొగం కడుక్కోని, సంగటి తిని, సంచి తగిలించుకోని బడికి పో నాయనా."

పనులు ఐదు. అసలైన క్రియ చివర ఒక్కటే. "తిని పోయినాను" అన్నా, "తిని పోతాను" అన్నా "తిని" మారదు. దానికి సొంతంగా కాలం లేదు, చివరి క్రియ దగ్గర అప్పు తెచ్చుకుంటుంది. దీన్నే క్త్వార్థకం అంటారని బడిలో మార్కుల కోసం బట్టీ పట్టాం. ఇంగ్లీషులో ఆ అప్పు పుట్టదు. ఏ క్రియ కాలాన్ని ఆ క్రియే మోయాలి: "ఐ గాట్ అప్, వాష్డ్ మై ఫేస్, ఏట్ సంగటి, టుక్ మై బ్యాగ్ అండ్ వెంట్ టు స్కూల్." మేమేమో "గెట్ అప్, వాష్, ఈట్ అండ్ వెంట్" అని రాసి, ఎర్ర సిరా సున్నాలు చుట్టించుకునేవాళ్లం. అది మొద్దుతనం కాదని, లోపల అమ్మ భాష పని చేస్తోందని ఆ రాత్రే తెలిసింది.

రెండో సంగతి. మనకు అతుకు మొదటి ముక్క చివర వస్తుంది: "వానలు రాలేదు కాబట్టి." ఇంగ్లీషులో ఆ ముక్కకు ముందే నిలబడుతుంది: "బికాజ్ ది రెయిన్స్ ఫెయిల్డ్."

మూడోది. "వాన పడినా కానీ పైరు నిలవలేదు" అని మనం రెండు అతుకులు వేస్తాం. అదే అలవాటుతో "ఆల్దో" అని మొదలుపెట్టి మధ్యలో "బట్" కూడా పెడతాం. "బికాజ్"కు తోడు "సో" పెడతాం. ఇంగ్లీషులో ఒకటి చాలు.

నాలుగోది. "మేము చేరేసరికి బస్సు పోయింది" అనడానికి "వెన్ వి రీచ్డ్ ది బస్టాండ్, ది బస్ హాడ్ లెఫ్ట్" అనాలి. ముందు జరిగిన దానికి ఆ "హాడ్" గుర్తు. అది తీసేస్తే, మమ్మల్ని చూశాకే బస్సు కదిలినట్టు అవుతుంది!

తమ్ముళ్లూ, ఇంకో మాట. 1820లో సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర ఉద్యోగం మీద ఇదే కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, తెలుగు రాతప్రతులు సేకరించి, శుద్ధప్రతులు రాయించాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చొని చదువుకునేటప్పుడు మాకు ఒకటే అనిపిస్తుంది: ఆయనకు మన "కొని, పెట్టుకొని, సేకరించి" ఎంత కొత్తో, మనకు వాళ్ల "బాట్, హైర్డ్, కలెక్టెడ్" అంత కొత్త. పరాయి భాష ముందు దొరైనా, కూలోళ్ల కొడుకైనా మొదట పిల్లవాడే. తేడా అల్లా, నేర్పడానికి ఆయన దగ్గర పండితులున్నారు. మనకు స్టడీ అవర్ ఉంది, పక్కన స్నేహితుడున్నాడు.

ఆ రాత్రి మా నలుగురం కలిసి మావాడి జవాబును మళ్లీ రాశాం: "బికాజ్ ది రెయిన్స్ ఫెయిల్డ్, మై పేరెంట్స్ వెంట్ టు గుంటూర్ టు పిక్ చిల్లీస్, అండ్ ఐ వెంట్ విత్ దెమ్. ఆల్దో ఐ లాస్ట్ వన్ ఇయర్, ఐ కేమ్ బ్యాక్ అండ్ జాయిన్డ్ కాలేజ్." అందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. వాడు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది మా ఇంటి సంగతేరా" అన్నాడు.

ఈమధ్య మరో ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. వాడు అదే జవాబు చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మిరప కోతకు కూలి ఎంత ఇస్తారని ఒకాయన అడిగి తెలుసుకున్నాడు. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, వాళ్ల నాన్న ఊళ్లు తిరగడానికి పోయినట్టు ఇక ఎవరూ అనుకోరు.

అందుకే తమ్ముళ్లూ, రోజుకొక్క వాక్యం రాయండి. ఇంట్లో అమ్మ చెప్పిన మాట తీసుకుని, ప్రతి క్రియకూ దాని కాలం ఇచ్చి, అతుకు ఎక్కడ పెట్టాలో చూసి రాయండి. తప్పులుంటే పక్క మంచం వాడికి చూపించండి. మేము సెలవులకు వచ్చినప్పుడు మాకూ చూపించండి, తెలిసినంత దిద్దుతాం. మన కథ మనమే చెప్పుకోవాలి. సరిగ్గా చెప్పకపోతే, ఎదుటివాడు తనకు తోచిన అతుకు వేసుకుంటాడు.