కమాండో రబ్బర్లు ఎక్కించిన జనవరి

సర్వీసు పుస్తకంలో ఆ పని నాలుగు మాటల్లో అయిపోతుంది: పాత రబ్బర్లు తీయండి, సబ్బునీళ్ళు రాసి కొత్తవి ఎక్కించండి. బర్మింగ్‌హామ్‌లో మా పెరటి షెడ్డులో, జనవరి చలిలో, అది నా చేతుల్ని చాలాకాలం పనికిరాకుండా చేసింది.

బండి నార్టన్ కమాండో, 1972 నాటి 750. ఆ కాలపు నార్టన్ ట్విన్ ఇంజన్లలో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. ఇంజన్ పెద్దదయ్యేకొద్దీ అదురూ పెరిగింది. 1967లో బయటికొచ్చిన కమాండోలో ఇంజనీర్లు స్టెఫాన్ బావర్, బెర్నార్డ్ హూపర్, బాబ్ ట్రిగ్ దీనికో ఉపాయం చేశారు. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్, ఈ మూడింటినీ ఒక్కటిగా కట్టి, ఆ మొత్తాన్ని రబ్బరు బుష్‌ల మీద ఫ్రేముకు తగిలించారు. పేరు ఐసోలాస్టిక్. ఇంజన్ పైకీ కిందికీ ఊగొచ్చు, పక్కలకు మాత్రం కదలకూడదు. ఆ కదలికను ఆపేవి, ఆ బుష్‌లు కూర్చునే ముందు, వెనక గొట్టాల చివర్లలో వేసే పల్చటి షిమ్‌లు. అక్కడ ఉండాల్సిన సందు పావు మిల్లీమీటరు. తగ్గితే అదురంతా ఫ్రేములోకి వస్తుంది. పెరిగితే మలుపులో వెనక చక్రం తన దారిన తాను పోతుంది. ఇంతకంటే తెలివైన పని ఆ కాలపు మోటార్‌సైకిళ్ళలో నేను చూడలేదు.

నాకంటే ముందు ఎవరో ఆ రబ్బర్లకు మామూలు గ్రీజు పూసి ఎక్కించారు. అవి ఉబ్బి, మెత్తబడి, బంకలా గొట్టానికి అతుక్కుపోయాయి. కత్తితో కోసి ముక్కలుగా లాగాను. లోపల తుప్పు. ఎమరీ పేపరుతో రుద్ది రుద్ది ఇనుము తేలేదాకా వదల్లేదు.

అసలు బాధ అప్పుడు మొదలైంది. కొత్త రబ్బరు గొట్టం నోటికంటే పెద్దది. అలా ఉండాలి కూడా, సులువుగా జారిపోయే రబ్బరు ఇంజన్‌ను పట్టుకోదు. పొడుగాటి మరల కడ్డీ దూర్చి, రెండు వైపులా మందపాటి వాషర్లు వేసి, నట్లు బిగిస్తూ లాగాలి. బిగిస్తుంటే రబ్బరు ఒక పక్క దిగుతుంది, రెండో పక్క అంచు మడతపడి బయటే నిలబడుతుంది. మళ్ళీ బయటికి లాగి, మళ్ళీ సబ్బు. సబ్బు ఆరిందా, రబ్బరు ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోతుంది, ముందుకూ రాదు, వెనక్కీ రాదు. చలికి రబ్బరు చెక్కలా ఉంది. అరచేతుల్లో చర్మం లేచింది, ఆ పుండ్లలో సబ్బునీళ్ళు. మణికట్టు వాచి, మర్నాడు ఆఫీసులో పెన్ను పట్టుకోలేకపోయాను. రబ్బరు చుట్టూ కొంచెం గీకేస్తే అయిపోతుంది కదా అన్న ఆలోచన పదేపదే వచ్చింది. వేగంలో నా ప్రాణాన్ని మోసేది అదే. గీకలేదు.

చివరికి విశాఖ స్నేహితుణ్ణి పిలిచాను. షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసినవాడు. గొట్టం నోట్లో వేలు తిప్పి చూశాడు.

"ఒరేయ్, అంచు కత్తిలా ఉంది. రబ్బరెలా దిగుతుందిరా? ముందు దీన్ని నున్నగా చెయ్యి. రబ్బర్లని వేణ్ణీళ్ళలో పడెయ్యి."

ఆకురాయితో అంచు వాలుగా అరగదీశాం. రబ్బర్లు వేడినీళ్ళలో నాని మెత్తబడ్డాయి. గొట్టాన్ని వైస్‌లో బిగించి, వాడొక స్పానరు, నేనొక స్పానరు. నేను సుత్తి అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "కొట్టకు, తిప్పు. నిదానంగా." రబ్బరు నిటారుగా, మడత లేకుండా లోపలికి దిగింది. సబ్బు ఆరకముందే రెండోదీ సరైన చోటుకు చేర్చాం. వెనక గొట్టం ఇంకా మొండికేసింది గానీ, దారి తెలిశాక అదీ లొంగింది. షిమ్‌లు వేసి సందు కొలిచేసరికి అర్ధరాత్రి దాటింది.

ఇప్పుడు ఐడిలింగ్‌లో ముందు చక్రం వణుకుతుంది, అది కమాండో స్వభావం. ఇంజన్ నిమిషానికి సుమారు 2,500 చుట్లు దాటగానే హ్యాండిల్లో ఆ వణుకు పోతుంది.

పాత కమాండో కొనబోయేవాళ్ళకు ఒక్క మాట. ట్యాంకు మెరుపు తర్వాత చూడొచ్చు. ముందు సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పక్కలకు లాగండి. లూజు తెలిస్తే, బేరింగులతోపాటు రబ్బర్లూ షిమ్‌లూ విప్పి చూసేదాకా ఆ బండిని వేగంగా నడపకండి.