విచారించకుండానే శిక్ష... రాజుకా? కొడుక్కా?

రాజమండ్రి పేరు చెప్పగానే ఇద్దరు రాజరాజ నరేంద్రులు గుర్తొస్తారు. ఒకరు, నన్నయ చేత మహాభారతం తెలుగు చేయించిన పుణ్యాత్ముడు. మరొకరు, చిన్నభార్య మాట నమ్మి కన్నకొడుకు కాళ్లూచేతులూ నరికించిన కోపిష్టి. ఆ ఇద్దరూ ఒక్కరేనని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కానీ ఆ రాజు వేయించిన రాగిరేకులు మాత్రం ఇంకో కథ చెబుతున్నాయి!

పావురం తెచ్చిన చేటు

సారంగధరుడి కథ వినకుండా పెరిగిన పిల్లలు ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో అరుదు. రాజుగారికి పట్టపురాణి రత్నాంగి. ఆమె కొడుకు సారంగధరుడు అందగాడు, గుణవంతుడు. అతనికి పెళ్లి చేయాలని చూసిన పిల్ల చిత్రాంగి. ఆమె అందం చూసి మనసు పడ్డ రాజు తానే కట్టుకున్నాడు. ఓరోజు రాజు వేటకెళ్లాడు. సారంగధరుడు ఎగరేసిన పావురం వెళ్లి చిత్రాంగి మేడ మీద వాలింది. వద్దని స్నేహితుడు వారించినా వినకుండా దానికోసం వెళ్లాడు రాకుమారుడు. చిత్రాంగి తన కోరిక బయటపెట్టింది. 'నువ్వు నాకు తల్లివి' అన్నాడతను. ఆమె పగబట్టింది. తిరిగొచ్చిన భర్తకు నేరం కొడుకు మీద వేసి చెప్పింది. రాజు వెనకాముందూ ఆలోచించలేదు. కాళ్లూచేతులూ నరకమన్నాడు. చివరికి ఓ సిద్ధుడి దయతో ఆ పిల్లాడికి పోయిన అవయవాలు తిరిగొచ్చాయి.

కథ ఇంతే. కానీ ఊరు దాన్ని తనలో కలిపేసుకుంది. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. కాళ్లూచేతులూ నరికింది అక్కడేనంటారు. అక్కడి గుళ్లో శివుడు సారంగధరేశ్వరుడు. పాత కోట శిథిలాల్లో ఇదే చిత్రాంగి మేడ అని చూపించేవారు. ఇన్ని గుర్తులున్నాక జరగలేదంటే ఎవరు నమ్ముతారు?

రాగిరేకులు ఏమంటున్నాయి?

ఇప్పుడు ఈ కథను కాసేపు పక్కనపెట్టి శాసనాల దగ్గరికి వద్దాం. తూర్పు చాళుక్యులు దానం చేస్తే రాగిరేకుల మీద రాయించి, కడియానికి గుచ్చి, వరాహం బొమ్మా 'త్రిభువనాంకుశ' అన్న బిరుదూ ఉన్న ముద్ర వేసేవారు. రాజరాజ నరేంద్రుడి కోరుమెల్లి శాసనం అలాంటిదే. ఆయనకు పట్టాభిషేకం జరిగిన తిథి, వారం, నక్షత్రం అందులో ఉన్నాయి. లెక్క కడితే అది 1022 ఆగస్టు 16.

తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ్వ, తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుడి కూతురు. అంటే మన రాజుది తాత పేరన్నమాట. ఆయన చేసుకున్నది మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. అచ్చంగా మన ఇళ్లలో మేనరికం లాంటిదే!

ఆ సింహాసనం పూలపాన్పేమీ కాదు. సవతి తల్లి కొడుకు విజయాదిత్యుడు పశ్చిమ చాళుక్యుల అండ చూసుకుని 1031 ప్రాంతంలో వేంగిని లాక్కున్నాడు. అది మళ్లీ దక్కడానికి నాలుగైదేళ్లు పట్టింది. మేనమామ పంపిన సేనలు వచ్చి పోరాడాయి. ఆ యుద్ధంలో చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల పేరిట రాజు కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించాడు. తన కోసం ప్రాణాలిచ్చిన పరాయి సైనికులను అలా గుర్తుపెట్టుకున్న మనిషి అతను.

1053 నాటి నందంపూడి శాసనం మరీ ముఖ్యమైనది. దాన్ని రచించింది స్వయానా నన్నయభట్టే. భారత రచనలో తనకు తోడుగా నిలిచిన నారాయణభట్టుకు రాజు నందంపూడి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఇక రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలైతే సముద్రం దాటి బర్మా తీర దీవుల్లో కూడా దొరికాయి.

ఇన్ని ఆధారాల్లోనూ సారంగధరుడన్న పేరు ఎక్కడా లేదు. చిత్రాంగి లేదు, రత్నాంగీ లేదు. నన్నయ భారతంలో రాజు గురించి బోలెడు చెప్పాడు గానీ ఈ ముచ్చట ఎత్తలేదు.

మరి అసలు కొడుకెవరు?

రాజరాజ నరేంద్రుడి కొడుకు పేరు రాజేంద్రుడు. తండ్రి పోయాక వేంగి అతనికి దక్కలేదు, పినతండ్రి విజయాదిత్యుడి పాలైంది. కానీ 1070లో చోళ సింహాసనం ఖాళీ అయితే ఈ గోదావరి బిడ్డే వెళ్లి కూర్చున్నాడు. చరిత్రలో ఆయనే మొదటి కులోత్తుంగ చోళుడు. దాదాపు యాభై ఏళ్లు ఏలాడు. సుంకాలు ఎత్తేసిన రాజని తమిళులు బిరుదిచ్చారు. 1077లో చైనాకు 72 మందితో రాయబారం పంపాడు. ఆయన సేనల కళింగ విజయం మీద జయంగొండార్ 'కళింగత్తుపరణి' అనే తమిళ కావ్యమే రాశాడు.

చూశారా... కథలో కాళ్లూచేతులూ పోగొట్టుకున్న కొడుకు. చరిత్రలో సామ్రాజ్యమేలిన కొడుకు!

ఊళ్లు మారిన కథ

మరి ఈ నింద రాజు నెత్తిన ఎలా పడింది? పదిహేనో శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడి కథ రాశాడు. అందులో ఊరు మన ఊరు కాదు, మాళవ దేశం. రాజు పేరు మాత్రం రాజమహేంద్రుడు! ఆ పేరు వినగానే జనానికి రాజమహేంద్రవరం గుర్తురావడంలో వింతేముంది? 1656లో మొదలైన 'అప్పకవీయం' నాటికి సారంగధరుడు రాజరాజ నరేంద్రుడి కొడుకైపోయాడు. నన్నయ వ్యాకరణాన్ని భీమకవి గోదావరిలో పారేస్తే, చిన్నప్పుడే దాన్ని నేర్చుకున్న సారంగధరుడు సిద్ధుడై లోకానికి తిరిగి అందించాడని అప్పకవి చెప్పాడు.

తంజావూరు కొలువులో చేమకూర వెంకటకవి దీన్ని కావ్యం చేశాడు. గురజాడ 1883లో ఇంగ్లీషులో పద్యకథగా రాశాడు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' నాటకం ఆడించాడు. 1957 సినిమాలో ఎన్టీఆర్ సారంగధరుడు, భానుమతి చిత్రాంగి, ఎస్వీ రంగారావు రాజు. ఇంతమంది మహానుభావుల ముందు పాపం రాగిరేకు గొంతు ఎవరికి వినిపిస్తుంది?

నిజానికి ఈ కథ ఒక్క ఊరిది కాదు. సియాల్‌కోట్‌లో పూరణ్ భగత్‌ది ఇదే గోడు. అశోకుడి కొడుకు కునాలుడు సవతితల్లి తిష్యరక్షిత పగకు కళ్లు పోగొట్టుకున్నాడని బౌద్ధ కథ. గ్రీకుల హిపోలిటస్ కూడా ఇలాగే తండ్రి కోపానికి బలయ్యాడు. బైబిల్లో, ఖురాన్లో యూసుఫ్ మీద పడిందీ ఇలాంటి అపనిందే. వయసు మళ్లిన తండ్రి, పడుచు భార్య, ఎదిగిన కొడుకు ఉన్న ప్రతిచోటా జనం భయపడిన సంగతి ఇది. అందుకే ఎక్కడికి వెళ్తే అక్కడి రాజు పేరు పెట్టుకుంది.

తీర్పు మనదే

కథను పారేయాలా? అక్కర్లేదు. సారంగధర మెట్ట మీద దణ్ణం పెట్టుకునేవారి నమ్మకం వారిది. నాటకం చూసి ఏడ్చిన మన తాతల కన్నీళ్లూ నిజమే. ఒకరి మాట విని ఇంకొకరిని శిక్షించకూడదని ఆ కథ నేర్పింది. కోపంలో తీసుకున్న నిర్ణయం ఇంటిని కూలుస్తుందని చెప్పింది. అది ఏ కాలానికైనా పనికొచ్చే మాట.

కాకపోతే ఆ పాఠాన్ని మనమే మరిచిపోయాం. రెండో పక్షం వాదన వినకుండా రాజు కొడుకుని శిక్షించాడని తిట్టుకుంటూ, మనం కూడా రెండో పక్షం వినకుండానే ఆ రాజును దోషిని చేశాం. ఆయన వాంగ్మూలం రాగిరేకుల మీద వెయ్యేళ్లుగా ఉంది. సంస్కృతంలో ఉంది కాబట్టి చదివినవాళ్లు తక్కువ, అంతే.

ఆయన పట్టాభిషేకానికి 2022లో వెయ్యేళ్లు నిండాయి. ఈసారి పిల్లలకు సారంగధరుడి కథ చెప్పినప్పుడు కులోత్తుంగుడి సంగతి కూడా చెప్పండి. 'అయితే రాజుగారు కొడుకుని నరికించలేదా?' అని వాళ్లు అడుగుతారు. లేదని చెప్పండి. ఆ మాట మన నోటి నుంచి రావడానికి ఇప్పటికే చాలా ఆలస్యమైంది.